ఎముకల వైద్యశాలలో వ్యాయామ శిక్షకుడు: మన పిల్లలు ఎరుగని ఒక వృత్తి

సోమవారం ఉదయం ఎముకల డాక్టరు ఓ.పి. ముందు కూర్చున్నవారికి ఈ దృశ్యం కొత్త కాదు. చేతికి పిండికట్టుతో ఒక ముసలమ్మ, మోకాలు వాచి కుంటుతున్న ఒక కబడ్డీ కుర్రవాడు, సూరత్ మిల్లులో నడుము పట్టేసి సెలవుపై వచ్చిన ఒక నడివయస్కుడు, కొండమీది కంధమాల్ నుండి తెల్లవారుజామున బయలుదేరిన ఇద్దరు ముగ్గురు. గంటల తరబడి నిరీక్షణ. లోపల డాక్టరుగారి ఎదుట మూడు నాలుగు నిమిషాలు. చీటీ చేతికి వస్తుంది. చివరి పంక్తిలో ‘ఎక్సర్‌సైజ్’ అని ఒక్క మాట ఉంటుంది. మందుల దుకాణంలో ఆ మాటకు ఏమీ ఇవ్వరు కనుక రోగి దానిని అక్కడే మరచిపోతాడు.

ఆ ఒక్క మాటను మనిషి చేత చేయించడమే ఉద్యోగంగా గలవారు కొందరు ఉన్నారు. వారిని గూర్చి మన సరిహద్దు గ్రామాలలో తెలిసినది తక్కువ. భంజనగర్ పరిసరాల తెలుగు కుటుంబాలలో పిల్లవాడు సైన్సు తీసుకుంటే డాక్టరు, లేకుంటే నర్సు, అదీ కాకుంటే మందుల దుకాణం అనే మూడు దారులే మాటల్లో వినబడతాయి. నాలుగో దారి ఒకటి కలదని, అది మన ఇంటి ముసలివారికీ, మైదానంలో ఆడే పిల్లలకూ నేరుగా అక్కరకు వచ్చేదని ఈ వ్యాసంలో వివరించే ప్రయత్నం చేస్తాను.

అమెరికాలో ఈ పని చేసేవారిని అథ్లెటిక్ ట్రైనరు అంటారు. పేరు విని జిమ్ములో బరువులు ఎత్తించే మాస్టారని పొరబడరాదు. పాఠశాల, కళాశాల జట్ల వెంట ఉండి గాయాలకు తొలి చికిత్స చేసేవారుగా వీరు మొదలయ్యారు. 1950లో కాన్సస్ సిటీలో వీరి జాతీయ సంఘం ఏర్పడింది. 1990లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దీనిని ఆరోగ్య వృత్తిగా గుర్తించింది. నేడు ఆ వృత్తిలో కొత్తగా ప్రవేశించాలంటే మాస్టర్స్ డిగ్రీ, ఆపైన ధ్రువీకరణ పరీక్ష అవసరం. కాలక్రమంలో వీరు మైదానం నుండి ఎముకల డాక్టర్ల ఓ.పి. గదులలోకి కూడా వచ్చారు. రోగిని ముందుగా కూర్చోబెట్టి గాయం ఎలా తగిలిందో అడగడం, కీలు ఎంతవరకు మడుగుతున్నదో కొలవడం, డాక్టరుకు క్లుప్తంగా చెప్పడం, డాక్టరు చూసిన తర్వాత పట్టీ బిగించడం, చంకకర్రలతో నడిపించడం, ఇంటివద్ద చేయవలసిన వ్యాయామం నేర్పడం అక్కడ వీరి విధులు.

మన దేశంలో ఆ పేరుతో ప్రత్యేక వృత్తి ఇంకా స్థిరపడలేదు. ఆ పనిలో అధికభాగం ఫిజియోథెరపిస్టు చేస్తాడు. కొంత డ్రెస్సింగు గదిలోని కాంపౌండరు, కొంత జట్టు కోచి చేస్తారు. మిగిలినది ఎవరూ చేయరు. ఆ ఎవరూ చేయని భాగమే మన ఇళ్ళలో బాధగా మిగులుతున్నది.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. కొన్నేళ్ళ క్రితం మా అమ్మ స్నానాలగదిలో జారిపడి కుడి మణికట్టు విరుచుకున్నది. పిండికట్టు వేశారు. ఎముక చక్కగానే అతికింది, అందులో వైద్యుల లోపమేమీ లేదు. కానీ ‘చెయ్యి కదపకూడదు’ అని ఎవరో ఒడియాలో చెప్పిన మాటను ఆమె అక్షరాలా పాటించింది. మణికట్టు కదపకూడదన్నది వారి ఉద్దేశం. వేళ్ళు, మోచేయి, భుజం కూడా కదపకూడదని ఆమె అర్థం చేసుకున్నది. ఆరు వారాలు చేతిని మెడలోని గుడ్డకు వేలాడదీసుకొని కూర్చున్నది. వ్యాయామం కాగితం ఇచ్చిన మాట నిజమే, అది ఇంగ్లీషులో ఉన్నది. నేను కూడా దానిని మడిచి బీరువాలో పెట్టాను, ఆ తప్పు నాది. కట్టు విప్పిన రోజున ఆమె వేళ్ళు మూసుకోలేదు. భుజం పైకి లేవలేదు. అన్నం ముద్ద కలుపుకోవడానికి రాక ఎడమచేత్తో చెంచా పట్టుకున్నది. ఇంట్లో పెద్దదానికి అది ఎంత చిన్నతనమో చూసినవారికే తెలుస్తుంది.

తర్వాత వేరొకచోట ఫిజియోథెరపీ గదిలో తెలుగు వచ్చిన ఒక అమ్మాయి దొరికింది. ‘మామ్మగారూ, పులుసన్నం ముద్ద చేస్తున్నట్టు ఈ తడిగుడ్డను పిండండి’ అన్నది. అంతకుముందు రెండుసార్లు ‘ఫిస్ట్’ అనే మాట విని బిత్తరపోయిన మా అమ్మ ఆ మాటకు గుడ్డ పిండింది. బొటనవేలితో ఒక్కొక్క వేలికొసను తాకడం, చేతిని గోడమీద పాకించి భుజం పైకి లేపడం, ఇలా మూడు నెలలు సాగింది. కట్టులో ఉండగానే రోజూ వేళ్ళు ముడిచి తెరిచి, భుజం ఎత్తి దించి ఉంటే ఆ మూడు నెలలలో చాలాభాగం అవసరమయ్యేది కాదు.

శిక్షకుని పనితనం ఇక్కడే ఉన్నది. వ్యాయామాలు కష్టమైనవి కావు. వాటిని రోగి బ్రతుకులోని పనులతో ముడిపెట్టి, అతని నోటితోనే తిరిగి చెప్పించి, అతని చేతనే ఒకసారి చేయించి పంపడం కష్టం. ‘అర్థమైందా’ అని అడిగితే మన పల్లెల్లో ఎవరూ కాలేదని చెప్పరు. ‘ఇంటికి వెళ్ళి ఏమి చేస్తారో ఒకసారి చూపించండి’ అని అడగాలి. భంజనగర్ నుండి బరంపురం సుమారు 80 కిలోమీటర్లు. బస్సు ఛార్జీ, రోజు కూలి, వెంట వచ్చిన మనిషి కూలి కలిపితే వారానికి మూడుసార్లు రమ్మనడం ఆచరణలో సాధ్యం కాదు. ఒక్కసారి వచ్చినప్పుడే సరిగా నేర్పి పంపాలి.

కొలవడం, నిలపడం, నడపడం

ఓ.పి.లో శిక్షకుని చేతిలో ఎల్లప్పుడూ ఉండే పనిముట్టు గోనియోమీటరు. రెండు పుల్లలను ఒక మేకుతో కలిపినట్లుండే కోణమాపకం అది. మోకాలు పూర్తిగా చాపితే సున్నా డిగ్రీలు, పూర్తిగా మడిస్తే సుమారు 135. కుర్చీలో కూర్చోవడానికి 90 డిగ్రీలు చాలు. నేలమీద గొంతుకూర్చోవడానికి 120కి పైగా కావాలి. పట్టణపు రోగికి 90 దాటగానే సంతృప్తి. మన పల్లెలో బాసింపట్టు వేసుకొని భోజనం చేసేవారికి, నాటుపనికి వంగేవారికి అది సగం దారి మాత్రమే. ‘నీ ఇంట్లో మరుగుదొడ్డి ఎటువంటిది, అన్నం ఎక్కడ కూర్చొని తింటావు’ అని అడిగిన తర్వాతే చికిత్సకు లక్ష్యం నిర్ణయించేవాడు మంచి శిక్షకుడు.

మోకాలి ఆపరేషన్ అయిన వారి ఇళ్ళలో సర్వసాధారణంగా కనబడే తప్పు ఒకటి ఉన్నది. నొప్పి తగ్గుతుందని మోకాలి కింద దిండు పెడతారు. హాయిగానే ఉంటుంది, కానీ మోకాలు ఆ వంపులోనే బిగుసుకుంటుంది. పూర్తిగా చాపడం రాని కాలితో మనిషి జీవితాంతం కుంటుతాడు. దిండును మడమ కింద పెట్టి, మోకాలి వెనుక భాగాన్ని పరుపుకు నొక్కుతున్నట్లు తొడ ముందు కండరాన్ని బిగించి అయిదు లెక్కపెట్టి వదలాలి. డాక్టరు వద్దనని పక్షంలో ఆపరేషన్ మరునాటి నుండే చేయదగినది ఇది. తొడ కండరం రోజుల వ్యవధిలోనే క్షీణిస్తుంది, తిరిగి పెరగడానికి నెలలు పడుతుంది.

చంకకర్రల విషయమూ అంతే. కొన్నవెంటనే చంకలో దోపుకొని బరువంతా దానిపై వేస్తారు. చంకలోని నరాలు నలిగి చెయ్యి తిమ్మిరెక్కుతుంది. చంకకూ కర్రకూ నడుమ రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి, బరువు అరచేతులపై పడాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు నొప్పికాలు ముందు. ఈ మాట నేర్పడానికి ఒక నిమిషం, రోగిని నిజంగా మూడు మెట్లు ఎక్కించి దించడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు డాక్టరుకు ఉండవు.

పిండికట్టుతో ఇంటికి పంపేటప్పుడు చెప్పవలసిన హెచ్చరికలు మరింత ముఖ్యమైనవి. వేళ్ళు నీలంగా లేదా తెల్లగా పాలిపోయినా, మొద్దుబారినా, వేళ్ళను మెల్లగా చాపితే భరించలేని నొప్పి కలిగినా, నొప్పి మందు వేసినా బాధ గంటగంటకు పెరుగుతున్నా తెల్లవారేదాకా ఆగరాదు. లోపల ఒత్తిడి పెరిగి రక్తప్రసరణ ఆగిపోతున్నదనడానికి అవి గుర్తులు. కొన్ని గంటలలోనే కండరం చచ్చిపోవచ్చును.

కట్టువైద్యం గురించి ఒక మాట

చిత్తూరు వైపు పుత్తూరు కట్టుకు ఎంత పేరో మనకు తెలుసు. మన ప్రాంతంలోనూ తరతరాలుగా కట్టు కట్టేవారు కలరు. వారిని ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. అర్ధరాత్రి పిలిస్తే వచ్చేవారు వారే, మన భాషలో ధైర్యం చెప్పేవారూ వారే. వారివద్ద నుండి ఆసుపత్రులు నేర్చుకోవలసినది కూడా అదే. అయితే రెండు సందర్భాలలో కచ్చితంగా ఉండాలి. వెదురుబద్దలతో బిగించిన కట్టు కింద పైన చెప్పిన గుర్తులు కనబడితే ఎవరు కట్టినా సరే వెంటనే విప్పించాలి. రెండవది, పిల్లల మోచేతికి దెబ్బ తగిలినప్పుడు నూనె రాసి బలంగా మర్దన చేయరాదు. చితికిన కండరంలో ఎముకవంటి గడ్డ పెరిగి మోచేయి శాశ్వతంగా బిగుసుకుపోయే ప్రమాదం ఉన్నది. వంటింటి నూనెసీసాతో ప్రేమగా చేసే హాని ఇది.

చీలమండ బెణికితే ఎక్స్‌రే అవసరమా కాదా అన్నది మరొక నిత్యసమస్య. దీనికి 1992లో కెనడాలోని ఒట్టావా వైద్యులు ఒక చిన్న సూత్రం రూపొందించారు, ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. దెబ్బ తగిలిన వెంటనేగానీ, వైద్యుని ఎదుటగానీ నాలుగు అడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. చీలమండకు ఇరువైపులా పొడుచుకువచ్చే ఎముకల వెనుక అంచునో, కొననో నొక్కితే నొప్పి ఉన్నా తీయించాలి. పాదం బయటి అంచు మధ్యలో, లోపలి వంపు పైభాగంలో ఎముకను నొక్కితే నొప్పి పుట్టినా అంతే. ఇవేవీ లేకుంటే ఎముక విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ. చిన్నపిల్లలకు, మత్తులో ఉన్నవారికి, మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారికి మాత్రం ఈ సూత్రాన్ని నమ్ముకోరాదు. బెణుకే అని తేలిన తర్వాత వారాల తరబడి మంచంలో పడుకోబెట్టడం పాతకాలపు పద్ధతి. మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి, వాపుకు సాగే పట్టీ, కాలు ఎత్తుపై ఉంచడం, ఆ తర్వాత నొప్పి ఓర్చుకోగలిగినంత మేర నడక, చివరకు ఒంటికాలిపై నిలబడే సాధన. ఈ చివరి మెట్టును దాదాపు అందరూ వదిలేస్తారు. అందుకే ఒకసారి బెణికిన మడమ మళ్ళీ మళ్ళీ బెణుకుతుంది.

ఆపరేషన్ ఒక పూట, సాధన తొమ్మిది నెలలు

కబడ్డీలో కూతకు వెళ్ళినవాని పాదాన్ని పట్టువారు బిగించి పట్టినప్పుడు ఒళ్ళు తిరుగుతుంది, కాలు తిరగదు. మోకాలి లోపలి లిగమెంటు తెగే తీరు తరచుగా ఇదే. ‘టప్’మన్న శబ్దం, గంటలలో వాపు, ఆపైన మెట్లు దిగుతుంటే మోకాలు జారిపోతున్నట్లు తోచడం. తెగిన లిగమెంటు స్థానంలో వేరొక నరం పెట్టి కుట్టే ఆపరేషన్ నేడు మన చుట్టుపక్కల నగరాలలోనూ జరుగుతున్నది. ‘నరం’ అన్నది మన వాడుక మాట, నిజానికి తీసి పెట్టేది తొడ వెనుక లేదా మోకాలి ముందు ఉండే స్నాయువు.

కుట్లు తీసిన తర్వాత రెండు మూడు నెలలకే నొప్పి పోతుంది. పిల్లవాడు మైదానానికి వెళ్ళిపోతాడు. తండ్రి ఖర్చుపెట్టిన డబ్బుకు ఫలితం దక్కిందని సంతోషిస్తాడు. లోపల పెట్టిన స్నాయువు మాత్రం అప్పటికింకా పచ్చిగా ఉంటుంది. నార్వే పరిశోధకులు 2016లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, తొమ్మిదవ నెల వరకు ఆటలోకి తిరిగి వెళ్ళడాన్ని వాయిదా వేసిన ఒక్కొక్క నెలకు మళ్ళీ గాయపడే రేటు 51 శాతం చొప్పున తగ్గింది. నెలలు గడిస్తే సరిపోదు, బలం కూడా రావాలి. గాయపడిన కాలి తొడబలం మంచికాలి బలంలో కనీసం 90 శాతానికి చేరిందా, ఒంటికాలితో దూకిన దూరం రెండు కాళ్ళకూ దాదాపు సమానంగా ఉన్నదా అని కొలిచి ఆటకు అనుమతి ఇవ్వాలి. ఆ కొలత తీసి ‘ఇంకా రెండు నెలలు ఆగు నాయనా’ అని చెప్పగల మనిషే శిక్షకుడు. టోర్నమెంటు ముందర ఆ మాట చెప్పడానికి గుండెధైర్యం కావాలి.

డబ్బు లెక్క ఇక్కడ ఒకటి ఉన్నది, కుటుంబాలు ముందే తెలుసుకోవడం మంచిది. 2025 నుండి ఒడిశాలోనూ అమలులోకి వచ్చిన ఆయుష్మాన్ భారత్ పథకం ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సకు ఉద్దేశించినది. విడుదలైన తర్వాత 15 రోజుల వరకు మందులు, పరీక్షల ఖర్చు అందులో కలుస్తుంది. సాధన తొమ్మిది నెలలు, కార్డు నీడ పదిహేను రోజులు. కనుక ఆపరేషన్ తేదీ నిర్ణయించుకునే ముందే దగ్గరలో ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు ఉన్నారో, ఏయే రోజులలో ఉంటారో విచారించుకోవాలి. భంజనగర్ సబ్‌డివిజనల్ ఆసుపత్రిలో అడగండి. బరంపురంలో 1962లో స్థాపితమైన మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రిలో అడగండి. ఆటగాళ్ళు ఆగడం అవమానమని భావించే పిల్లలకు పి.వి. సింధును చూపవచ్చును. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో పాదం నొప్పితోనే ఆడి స్వర్ణం గెలిచిన ఆమె, ఎముకలో సన్నని పగులు ఉన్నదని తేలగానే ఆ నెలలోనే జరిగిన ప్రపంచ పోటీలను వదులుకొని, 2023 జనవరి వరకు అంతర్జాతీయ పోటీలకు దూరంగా ఉన్నది.

మన ప్రాంతానికి బలమైన ఆటగాళ్ళు కొత్త కాదు. సరిహద్దుకు ఆవల శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. బరంపురానికి చెందిన కె. రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలలో 69 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచాడు. బరువులెత్తే పిల్లలు మన పట్టణాలలో ఇప్పటికీ ఉన్నారు. వారి నడుములనూ మోకాళ్ళనూ కనిపెట్టి చూసే శిక్షితులు వారికి తగినంతమంది లేరు. ఫుట్‌బాల్ ఆడే నార్వే బాలికలపై జరిగి 2008లో ప్రచురితమైన పరిశోధనలో, ఆటకు ముందు 20 నిమిషాల క్రమబద్ధమైన సన్నాహక వ్యాయామం చేసినవారిలో మొత్తం గాయాలు దాదాపు మూడోవంతు తగ్గాయి. దానికి ఒక బంతి తప్ప పరికరాలేవీ అక్కరలేదు. మన బడి వ్యాయామ ఉపాధ్యాయులు నేర్చుకొని రేపటి నుండే మొదలుపెట్టవచ్చును.

ఎలా చదవాలి?

ఈ వృత్తిలోకి వచ్చేందుకు మన పిల్లలకు తిన్నని దారి బి.పి.టి., అనగా ఫిజియోథెరపీ పట్టభద్ర కోర్సు. ప్లస్ టూలో జీవశాస్త్రంతో సైన్సు చదివి ఉండాలి. ఇటీవలి వరకు ఆసుపత్రి శిక్షణతో కలిపి నాలుగున్నర ఏళ్ళుగా ఉన్న ఈ చదువును కొత్త జాతీయ పాఠ్యప్రణాళిక అయిదేళ్ళు చేసింది. ప్రవేశ నిబంధనలు మారుతున్న కాలం కనుక ఆ ఏటి ప్రకటన చూడకుండా ఎవరి మాటా నమ్మవద్దు. ఒడిశాలో కటక్ సమీపాన ఓలట్‌పూర్‌లోని స్వామి వివేకానంద జాతీయ పునరావాస శిక్షణ, పరిశోధన సంస్థ పేరున్నది. ఫిజియోథెరపీతోపాటు కృత్రిమ అవయవాల తయారీ కోర్సు కూడా అక్కడ ఉన్నది. దానిని గూర్చి కూడా మనవారికి తెలియదు. క్రీడలవైపే వెళ్ళదలచినవారు డిగ్రీ తర్వాత క్రీడా ఫిజియోథెరపీలో మాస్టర్స్ చేస్తారు. కోచింగ్‌పై ఆసక్తి గలవారికి 1961లో ఏర్పడిన పటియాలా జాతీయ క్రీడా సంస్థ వేరొక దారి.

2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తులకు ఒక చట్టం చేసి జాతీయ కమిషన్‌ను ఏర్పరచింది. ఫిజియోథెరపీ దాని పరిధిలోనిది. గుర్తింపు లేని సంస్థల ఆరునెలల ‘స్పోర్ట్స్ ట్రైనర్’ సర్టిఫికెట్లకు వేలకువేలు పోసేముందు, దానితో ఏ ఆసుపత్రిలో ఏ పేరుతో ఉద్యోగం ఇస్తారో రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా చెప్పే జవాబులు ఎప్పుడూ అందంగానే ఉంటాయి.

ఉద్యోగం తేలికైనదని అనుకోవద్దు. రోజంతా నిలబడాలి, ఇతరుల కాళ్ళు ఎత్తాలి, ఒకే మాటను ముప్పైమందికి చెప్పాలి, నొప్పితో తిట్టేవారిని ఓర్చుకోవాలి. స్త్రీ రోగులు మగ శిక్షకుని చేత తాకించుకోవడానికి సంకోచిస్తారు కనుక ఆడపిల్లలకు ఇందులో అవసరం ఎక్కువ. మన పిల్లలకు ఒక అనుకూలత పుట్టుకతోనే ఉన్నది. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రం ఏర్పడేవరకు, రస్సెల్‌కొండ అనే పేరుతో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరు ఇది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బస్సులో హిందీ మాట్లాడుతూ పెరుగుతారు. కంధమాల్ నుండి దిగివచ్చే కుయి భాషవారితో నాలుగు మాటలు కలపగలవారూ ఉన్నారు. వేరే ఊరి నుండి బదిలీపై వచ్చినవారికి ఇవి నేర్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది.

మా అమ్మ చేతి కాగితాన్ని తర్వాత నేను తెలుగులో తిరగరాసి వంటింటి తలుపు వెనుక అంటించాను. పసుపు మరకలు పడి ఉన్నా ఇప్పటికీ చదువవచ్చును. పక్కింటివారు పోయిన ఏడు దానిని చూసి రాసుకొని వెళ్ళారు.